ట్యాంకు అడుగున మడ్డి, బావ దగ్గర మొహమాటం

శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. చాలా పొడుగ్గా ఉంది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

రాసినాయనకు 34 ఏళ్లు. వేట మీద బతికిన కుటుంబం. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేసి, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్ల ఇంజిన్ల మీద పని నేర్చుకున్నారు. నాలుగేళ్ల కిందట అక్క భర్త పిలిచి, కొచ్చిలో ఒక మోటార్ యాట్ (సొంత సరదాకు తిరిగే బోటు) మీద ఇంజిన్ పనికి పెట్టించారు. ఆ బావే బోటుకు కెప్టెన్. ఓనర్లు డెబ్బైకి దగ్గర పడిన విదేశీ దంపతులు. మంచివాళ్లే, జీతం ఏనాడూ ఆపలేదు. బోటు పొడవు 17 మీటర్లు. పాతికేళ్ల నాటి ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఒక్కటే మెయిన్. అది ఆగితే ఆదుకోవడానికి పక్కన ఒక చిన్న ఇంజిన్, కరెంటుకు ఒక జనరేటర్ ఉన్నాయి.

గత డిసెంబరులో గోవా నుంచి కొచ్చి వస్తుండగా, కన్నూరు దాటాక కెరటాలు పెరిగి బోటు బాగా ఊగింది. మెయిన్ ఇంజిన్ రెండుసార్లు ఆగిపోయింది. తొమ్మిది గంటల్లో నాలుగు డీజిల్ ఫిల్టర్లు మార్చి, పైపుల్లో చేరిన ఎయిర్ తీసి, ఎలాగో ఒడ్డుకు చేర్చారు. ఫిల్టర్ల నిండా నల్లటి జిగురు. ట్యాంకులు తెరిచి కడగాలని ఈయన అంటే, "ఇంకో పెట్టె ఫిల్టర్లు కొని పడేద్దాం, ట్యాంకు తెరిస్తే నెల పోతుంది" అన్నారట బావ. ఇంజిన్ ఆగిన సంగతి ఓనర్‌కు చెప్పలేదు. మామూలుగా ఫిల్టర్ మార్చామన్నారు. లాగ్‌బుక్‌లోనూ అలాగే రాయించారు. ఇవి కాక సముద్రపు నీటి పంపు దగ్గర చుక్కలు కారుతున్నాయి. స్టీరింగ్‌లో హైడ్రాలిక్ ఆయిల్ నెలకోసారి పోయాల్సి వస్తోంది. చిన్న ఇంజిన్ తిప్పి ఏడాది దాటింది.

ఇప్పుడు ఓనర్లు ఏప్రిల్ మధ్యలో బయల్దేరి కొచ్చి నుంచి శ్రీలంకలోని గాలే, అక్కణ్నుంచి పోర్ట్ బ్లెయిర్, చివరికి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ వెళ్దామంటున్నారు. ఓనర్ భార్య ఏప్రిల్ మొదట్లో గానీ ఇండియాకు రారు కాబట్టి ఆ తేదీ పెట్టారు. బోటు మీద ఉండేది ఓనర్లిద్దరూ, బావ, ఈయన. చేరాక మంచి బోనస్ ఇస్తామన్నారు.

ఇంటి దగ్గర భార్యకు ఆరో నెల. ఉద్యోగం మానేసి వచ్చేయమంటోంది. అమ్మ అయితే ప్రయాణం మాటెత్తితేనే ఏడుస్తోంది. అక్క ఫోన్ చేసి, "నువ్వు అడ్డం తిరిగితే మీ బావ ఉద్యోగం పోద్ది, పిల్లల ఫీజులు ఎవరు కడతారు?" అంది. ఇల్లు స్లాబు వేసినప్పుడు బావ రెండు లక్షలు సర్దారు. అందులో సగం ఇంకా తీర్చాలి.

ఆయన అడిగినవి మూడు. వెళ్లాలా? బావకు తెలియకుండా ఓనర్‌కు చెప్పేయాలా? ఒంట్లో బాగోలేదని చెప్పి ఊరికి వచ్చేయాలా? ఒకవేళ వెళ్లాల్సి వస్తే ఏ స్పేర్లు పెట్టుకోవాలో కూడా చివర్లో అడిగారు.

*

మీ ఉత్తరంలో ముప్పాతిక వంతు బావ గురించీ, అక్క గురించీ, అప్పు గురించీ ఉంది. నేను ఆగిపోయింది మాత్రం మధ్యలో మీరు మామూలుగా రాసేసిన ఒక్క మాట దగ్గర: తొమ్మిది గంటల్లో నాలుగు ఫిల్టర్లు. దాన్నుంచే మొదలుపెడతాను. అది తేలితే మిగతా గొడవల్లో సగం వాటంతటవే చిన్నవైపోతాయి.

గాలే నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 830 నాటికల్ మైళ్లు. మీ బోటు 7 నాట్లతో, అంటే గంటకు 7 నాటికల్ మైళ్లు వెళ్తే 119 గంటలు, అంటే ఐదు పగళ్లు, ఐదు రాత్రులు. డిసెంబరులో పోయిన లెక్కనే పోతే ఆ దారిలో మీకు 50కి పైగా ఫిల్టర్లు కావాలి. రెండుంబావు గంటలకొకటి. ప్రతిసారీ ఊగే బోటులో, ఒళ్లు కాలిపోయే ఇంజిన్ రూమ్‌లో బోర్లా పడుకుని మూత విప్పి, కొత్తది వేసి, చేతి పంపుతో ఎయిర్ తీసి మళ్లీ స్టార్ట్ చేయాలి. ఆ చేసేది మీరొక్కరే. బావ కొంటానన్న పెట్టెలో ఎన్ని ఉంటాయో తెలీదు గానీ, మూడో రోజుకు ఫిల్టర్ల కంటే ముందు మీరు అయిపోతారు.

పడవ హార్బర్‌లో కట్టేసి ఉన్నన్నాళ్లూ మడ్డి ట్యాంకు అడుగున కదలకుండా ఉంటుంది. తేమకు ట్యాంకు గోడలకు చెమ్మ పట్టి నీరు అడుగుకు చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మీరు చూసిన నల్లటి జిగురు అదే. కెరటం లేవగానే అదంతా లేచి పైపుల్లోకి వస్తుంది. అందుకే ఇలాంటి బోటు ఇంజిన్ హార్బర్‌లో బ్రహ్మాండంగా నడుస్తుంది, సరిగ్గా అవసరమైన చోటే ఆగుతుంది. "మొన్న ట్రయల్ వేశాం, బాగానే ఉంది కదా" అని మీ బావ అంటే ఆయన అబద్ధం చెబుతున్నట్టు కాదు. నీళ్లు నిలకడగా ఉన్న చోట వేసిన ట్రయల్‌లో ఈ జబ్బు కనబడదు, అంతే.

ట్యాంకులో మందు పోస్తే చాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మందుకు అవి చస్తాయి, చచ్చినవన్నీ విడివడి మళ్లీ ఫిల్టర్‌కే వస్తాయి. మందు వేయాల్సింది కడిగిన తర్వాత, మళ్లీ పెరగకుండా. మీకు రెండు ట్యాంకులు ఉన్నాయని రాశారు కాబట్టి పని మరీ కష్టం కాదు. ఒకదాని డీజిల్‌ను ఫిల్టర్ గుండా రెండోదానిలోకి తోడి, మ్యాన్‌హోల్ తెరిచి, అడుగు గీకి, గుడ్డతో తుడిచి, మూతకు కొత్త గాస్కెట్ వేసి, తర్వాత రెండోది అలాగే చేయాలి. లోపల అడ్డుపలకలు ఉంటాయి. వాటి వెనక అరలకు వేరే మూతలు లేకపోతే కోసి పెట్టించాలి. వెల్డింగ్ అయితే ట్యాంకులో ఆవిరి లేదని పరీక్షించాకే, అది తెలిసిన యార్డు మనిషి చేతే. డీజిలే కదా, పెట్రోలు కాదు కదా అని హార్బర్‌లో మనవాళ్లు చేసే సాహసాలు ఇక్కడ వద్దు. మొత్తం మీద రెండు మూడు వారాల పని. నెల పడుతుందన్న బావ మాట మరీ తప్పు కాదు. కానీ ఆ నెల మీ దగ్గర ఉంది. ఇప్పుడు ఫిబ్రవరి మొదటి వారమే కదా.

డీజిల్ చాలదేమోనని మీ ఆవిడ భయపడుతోందని రాశారు. ఆ భయం అక్కర్లేదని చెప్పండి. మీరిచ్చిన లెక్క ప్రకారం 7 నాట్ల దగ్గర గంటకు 20 లీటర్లు, అంటే ఆ ఐదు రోజులకు సుమారు 2,400 లీటర్లు. జనరేటర్‌కు ఇంకో 300. ట్యాంకుల్లో పట్టేది 4,500. నాలుగో వంతు ముట్టుకోకుండా పక్కన పెట్టినా చాలినంత ఉంది. వేగం కొంచెం తగ్గిస్తే ఇంకా మిగులుతుంది. ఇలాంటి బరువైన బోట్లకు డీజిల్ ఖర్చు సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది. 7 నుంచి 6.5 నాట్లకు దిగితే గంట ఖర్చు 20 నుంచి 16 లీటర్లకు పడుతుంది. గాలే నుంచి ఆగకుండా ఫుకెట్ వెళ్లే 1,100 మైళ్ల దారిలో మాత్రం ఈ తేడా నిజంగా అక్కరకొస్తుంది. మీ ఇబ్బంది డీజిల్ తక్కువై కాదు, ఉన్న డీజిల్ ఇంజిన్ దాకా చేరుతుందా లేదా అన్నదే.

ఇక ఆ చిన్న ఇంజిన్. అది తాగే డీజిల్ ఏ ట్యాంకులోంచి వస్తోందో మీరు రాయలేదు. మెయిన్ ఇంజిన్ ట్యాంకులోంచే అయితే అది లేనట్టే లెక్క. అదే మురికి, అదే రోజు, అదే కెరటం. రెండూ ఒకేసారి ఆగుతాయి. దానికి వేరే చిన్న ట్యాంకు పెట్టి, శుభ్రమైన డీజిల్ పోసి, వారానికోసారి గేరు వేసి లోడ్ మీద తిప్పాలి. ఏడాదిగా తిప్పలేదంటే దాని ప్రొపెల్లర్‌కు గుల్లలు పట్టి ఉంటాయి. ఒక మనిషిని నీళ్లలోకి దింపి చూడండి. పెద్ద ఓడల్లో మేం ఒక ట్యాంకులో డీజిల్‌ను తేరనిచ్చి, ప్యూరిఫైయర్‌లో తిప్పి, శుభ్రమైన దాన్ని రోజువారీ సర్వీస్ ట్యాంకులో పెట్టుకునేవాళ్లం. మీ బోటుకు అంత హంగు లేకపోయినా, ఒక చిన్న డే ట్యాంకు ఉంటే మీ బతుకు మారిపోతుంది. అది కుదరకపోతే 200 లీటర్ల డ్రమ్మును గట్టిగా కట్టి, అత్యవసరానికి మెయిన్ ఇంజిన్‌కు అందులోంచి పైపు ఇవ్వండి. గంటకు 20 లీటర్లయితే పది గంటల నడక. ఒకటి మరిచిపోకండి: రిటర్న్ పైపు కూడా ఆ డ్రమ్ములోకే రావాలి. ఇంజిన్ తాను కాల్చే దానికంటే ఎక్కువ డీజిల్ లాక్కుని మిగతాది వెనక్కి పంపుతుంది. రిటర్న్ పెద్ద ట్యాంకుకే పోతుంటే పది గంటల డ్రమ్ము ఎప్పుడు ఖాళీ అయిందో కూడా తెలీదు.

నీటి పంపు చుక్కలూ స్టీరింగ్ ఆయిలూ ట్యాంకు ముందు చిన్న పనులే. పంపు సీల్ పోయింది. సీలు, బేరింగ్ రెండూ మార్చేయండి. ఆలస్యమైతే ఆ ఉప్పునీరు బేరింగును తినేస్తుంది, కిందనున్న ఆల్టర్నేటర్ మీద చిమ్మినా చిమ్ముతుంది. స్టీరింగ్‌లో ఆయిల్ ఎక్కడికో పోతోంది. ముందు చుక్కాని దగ్గరి సిలిండర్ సీలు చూడండి. దాంతో పాటు చేత్తో తిప్పే ఎమర్జెన్సీ టిల్లర్ నిజంగా బిగుస్తుందో లేదో ఒకసారి బిగించి చూడండి. చాలా బోట్లలో అది లాకర్‌లో ఉంటుంది, దాని మీద సామాను ఉంటుంది, ఏనాడూ ఎవరూ బయటికి తీసి ఉండరు.

తేదీ విషయం నాకు ట్యాంకు కంటే తక్కువగా అనిపించలేదు. ఏప్రిల్ మధ్యలో కొచ్చి వదిలితే, గాలేలో నాలుగు రోజులు ఆగినా, బంగాళాఖాతం మధ్యకు చేరేసరికి ఏప్రిల్ ఆఖరి వారం. 2019లో ఫణి సరిగ్గా అదే రోజుల్లో శ్రీలంకకు ఆగ్నేయంగా, మీ దారికి దక్షిణాన పుట్టి, ఆ దారి మీదుగానే పైకి వచ్చింది. మే 3న పూరీ దగ్గర తీరం దాటుతూ మన ఇచ్ఛాపురం, కంచిలి, కవిటి వైపు ఎంత హడావుడి చేసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. 2020 మేలో ఆంఫన్, 2022 మేలో అసాని. మన జిల్లావాళ్లకు తుపాను అంటే తిత్లీ గుర్తొస్తుంది, అక్టోబరు గుర్తొస్తుంది. బంగాళాఖాతానికి రెండు తుపాను కాలాలు, మొదటిది వేసవి ఆఖర్లోనే. 7 నాట్లంటే గంటకు 13 కిలోమీటర్లు. ఆ వేగంతో తుపానుకు దారి తప్పించుకోవడం చాలాసార్లు కుదరదు. ఈ దారికి మంచి రోజులు జనవరి నుంచి మార్చి దాకా. ఈశాన్యపు గాలి ఉంటుంది, బోటు ఊగుతుంది గానీ ఆకాశం నమ్మకంగా ఉంటుంది. ఈ సంగతి ఓనర్‌కు చెప్పాల్సింది కెప్టెన్. మీ బావ చెప్పారా లేదా అన్నది మీ ఉత్తరంలో లేదు.

బావ గురించి. ఆయన్ని మీరు ఉత్తరంలో కాస్త విలన్‌గా చూపించారు. నాకు అలా అనిపించలేదు. హార్బర్‌లో కలాసీగా మొదలై, సరంగు అయి, చివరికి విదేశీయుల బోటుకు కెప్టెన్ అయిన మనిషి ఆయన. ఇంజిన్ ఆగిందని చెబితే, దాని వెనకే "ఇన్నాళ్లూ ట్యాంకు ఎందుకు చూడలేదు?" అన్న ప్రశ్న వస్తుందని ఆయనకు తెలుసు. ఓనర్ ఎవరో సర్టిఫికెట్లున్న విదేశీ ఇంజినీర్‌ను పిలిపిస్తే, ఆ వచ్చినవాడు ముందు వేలు చూపించేది తనవైపే అన్న భయం ఉంటుంది. పరువు, ఉద్యోగం, పిల్లల ఫీజులు అన్నీ ఆ ఒక్క అబద్ధానికి వేలాడుతున్నాయి. దాచడం తప్పే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆయన కారణం దురాశ కాదు, భయం. భయపడిన మనిషితో మాట్లాడే పద్ధతి వేరు.

మీరడిగిన మూడింటిలో ముందు మూడోది తీసేస్తాను. ఒంట్లో బాగోలేదని చెప్పి వచ్చేస్తే మీకు ఆ రోజు హాయిగా ఉంటుంది. బావతో మాట పోదు, అక్క తిట్టదు, అమ్మ సంతోషిస్తుంది. బోటు మాత్రం ఆగదు. మీ చోట ఇంకెవరో కుర్రాడు వస్తాడు. అతనికి డిసెంబరు సంగతి తెలీదు, ఏ వాల్వు ఎక్కడుందో తెలీదు, లాగ్‌బుక్‌లో "ఫిల్టర్ మార్పు" అని ఉంటుంది. ఆ బోటు గురించి తెలిసిన ఒక్కగానొక్క మనిషి దిగిపోయాక, అదే ట్యాంకుతో అదే నెలలో నలుగురూ సముద్రం మీదికి వెళ్తారు. అందులో మీ అక్క భర్త ఒకరు. మానేయడం మీ హక్కు, కాదనను. కానీ మానేస్తే అసలు కారణం చెప్పి మానేయండి.

బావకు తెలియకుండా ఓనర్‌కు చెప్పడమంటే పని తొందరగా జరుగుతుంది, నిజమే. ఓనర్ మంచివాడంటున్నారు, వెంటనే ట్యాంకు తెరిపిస్తాడు. కానీ బావ మిమ్మల్ని జన్మలో నమ్మరు. మీ అక్క ఇంటికి మీరు పండక్కి వెళ్లలేరు. ఓనర్ కూడా, ఒకరి వెనక ఒకరు ఫిర్యాదు చేసుకునే ఇద్దరు మనుషులతో సముద్రం దాటాలా అని ఆలోచిస్తాడు. ప్రాణాపాయం రేపే ఉంటే ఇవేవీ చూడక్కర్లేదు, వెళ్లి చెప్పేయడమే. మీకు ఇంకా రెండు నెలలు ఉన్నాయి కాబట్టి ఇంకో దారి ఉంది.

ముందు కాగితం మీద పెట్టండి. ఏ పని, ఎన్ని రోజులు, ఏ సామాను, యార్డు ఎంత అడుగుతోంది. యార్డు నుంచి అంచనా రాతలో తీసుకోండి. అందులో డిసెంబరు గురించి ఒక్క ముక్క వద్దు. ఆ కాగితం పట్టుకుని బావతో మాట్లాడండి. ఫోన్లో కాదు, అక్క ద్వారా అసలే కాదు, ఓనర్ ఉండగా కాదు. ఇంజిన్ రూమ్‌లో, ఆ పాత ఫిల్టర్ ఒకటి దాచి ఉంటే దాన్ని పక్కన పెట్టుకుని. "బావా, 50 ఫిల్టర్ల లెక్క నువ్వే వేసి చూడు" అనండి. "నువ్వు అబద్ధం చెప్పావు" అనకండి. ట్యాంకులు కడిగించాలని ఓనర్‌కు చెప్పే అవకాశం ఆయనకే ఇవ్వండి. దూరం వెళ్లే ముందు ట్యాంకులు తెరవాలని కెప్టెనే అడిగితే ఏ ఓనరూ తప్పుపట్టడు, పైగా జాగ్రత్త మనిషి అనుకుంటాడు. డిసెంబరులో ఇంజిన్ ఆగిన సంగతి కూడా ఆ మాటల్లోనే ఆయన నోటితోనే రావాలి. ఎందుకంటే బోటు మీద ప్రాణాలు పెట్టేది ఆ ముసలివాళ్లు కూడా. ఆ సంగతి తెలియకుండా వాళ్లు తేదీ నిర్ణయించడం న్యాయం కాదు.

గడువు కూడా చెప్పండి. "వచ్చే ఆదివారం లోపల నువ్వు చెప్పకపోతే సోమవారం నేను చెబుతాను, నీకు చెప్పే చెబుతాను" అని. ఆయన కోప్పడతారు. నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. అక్క మళ్లీ ఫోన్ చేస్తుంది. అక్కకు ఒకటే అడగండి: ఈ ప్రయాణంలో బావ కూడా బోటు మీదే ఉంటాడన్న సంగతి నీకు గుర్తుందా అని.

సోమవారం మీరే చెప్పాల్సి వస్తే రాతలో ఇవ్వండి, తేదీ వేసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకుని. ఇది ఎవరినో ఇరికించడానికి కాదు. బోటు ప్రయాణానికి పనికిరాదని తెలిసీ ఓనర్ సముద్రం మీదికి పంపితే ఆ కారణంగా జరిగిన నష్టానికి ఇన్సూరెన్స్ చెల్లదని మన 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టంలోనే ఉంది. విదేశీ పాలసీల్లోనూ ఇంచుమించు ఇదే ధోరణి. తనకు తెలియని సంగతికి ఓనర్ బాధ్యుడు కాడు, సరే. తెలిసీ దాచిన మీరిద్దరూ ఏమవుతారు? లాగ్‌బుక్‌లో ఇక ముందు మాత్రం ఇంజిన్ ఆగితే ఆగిందనే రాయండి.

ఓనర్ దగ్గర సంగతి బయటపడ్డాక మీ ముందు రెండు మూడు దారులుంటాయి. పని ఇప్పుడే మొదలుపెట్టి మార్చి మధ్యలో బయల్దేరడం ఒకటి. ఓనర్ భార్య విమానంలో నేరుగా ఫుకెట్‌కు రావచ్చు. మొత్తం దారి 1,600 మైళ్ల లోపే. ఆగే రోజులతో కలిపి ఏప్రిల్ రెండో వారానికి మీరు ఇంట్లో ఉండొచ్చు, కాన్పుకు ముందే. ఈ దారిలో కొచ్చి నుంచి గాలే దాకా ఉన్న 340 మైళ్లనే అసలు ట్రయల్ అనుకోండి. కన్యాకుమారి దాటాక మన్నార్ సింధుశాఖలో గాలి బలంగా తోస్తుంది, బోటు బాగా ఊగుతుంది. మడ్డి మిగిలి ఉంటే అక్కడే తెలుస్తుంది. ట్యాంకు నుంచి వచ్చే డీజిల్‌కు మొదట తగిలే ప్రైమరీ ఫిల్టర్ మీద వాక్యూమ్ గేజ్ పెట్టించండి. ఇంజిన్ ఆగక ముందే ఫిల్టర్ నిండుతోందని ముల్లు చెబుతుంది. గాలే చేరాక ముల్లు కదలకుండా ఉంటే ముందుకు, లేచి ఉంటే అక్కడే ఆగడం. ఈ ఒప్పందం కొచ్చిలో ఉండగానే నలుగురూ చేసుకోవాలి. గాలేలో నిలబడి చేసుకుంటే బోనస్ మాట్లాడుతుంది.

రెండోది, పని మార్చి దాటిపోతే వచ్చే జనవరికి వాయిదా. ఓనర్లకు నిరాశ, మీకు బోనస్ పోతుంది, బోటు వర్షాకాలమంతా కొచ్చిలోనే ఉంటుంది కాబట్టి ట్యాంకులు నిండుగా ఉంచి నీరు చేరకుండా చూసుకోవాలి. బిడ్డ పుట్టినప్పుడు మీరు పక్కన ఉంటారు. డబ్బున్న ఓనర్లు బోటును కార్గో ఓడ డెక్ మీద ఎక్కించి పంపడమూ ఉంది. ఖర్చు చాలా ఎక్కువ. ఆ మాట వాళ్లే ఎత్తితే సరే, మీరు ఎత్తనక్కర్లేదు.

ట్యాంకు తెరవకుండా ఏప్రిల్‌లోనే వెళ్దామని అందరూ పట్టుబడితే, నేనైతే ఎక్కను. మీరు ఎక్కాలా వద్దా అన్నది మీ నిర్ణయం. ఎక్కకపోతే ఉద్యోగం పోవచ్చు, కొన్నాళ్లు అక్కతో మాటలూ పోవచ్చు. ఎక్కితే ఐదు రోజుల్లో ఏ రాత్రి ఏమవుతుందో పైన లెక్క వేసే ఉంది.

అప్పు సంగతి దీన్నుంచి విడదీయండి. ఈ నెల నుంచే నెలకు ఇంత అని బావ ఖాతాలో వేయడం మొదలుపెట్టండి, చిన్న మొత్తమైనా సరే. మనవైపు పనులన్నీ ఇలాగే నడుస్తాయి. ఒకరు వెళ్లి ఇంకొకరిని పిలుస్తారు, చెన్నై అయినా, గుజరాత్‌లోని వెరావల్ అయినా, గల్ఫ్ అయినా. అది మంచిదే. కానీ పిలిచినవాడికి అప్పు కూడా ఉంటే ఇంజిన్ గురించి నోరు పెగలదు. మీకు జరిగింది అదే.

అమ్మ ఏడుపును చాదస్తం అనుకోకండి. 2018 చివర్లో గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కిన మనవాళ్లు 2020 జనవరిలో గానీ ఇళ్లకు రాలేదు. ఆ ఏడాది పైచిలుకు తీరం ఊళ్లలో ఆడవాళ్లు ఎలా గడిపారో ఆమె చూసే ఉంటుంది. ఆమెకు "ఏమీ కాదు" అని చెప్పొద్దు. ట్యాంకు కడుగుతున్నాం, ఫలానా రోజుకు ఫలానా చోట ఉంటాం, అక్కణ్నుంచి ఫోన్ చేస్తాం అని చెప్పండి. శాటిలైట్ ఫోన్ గురించి ఓనర్‌ను ముందే అడగండి. ఇరిడియం, తురాయా ఫోన్లు అనుమతి లేకుండా ఇండియాలో వాడితే కేసవుతుంది. ఆ కాగితాలు ఆయన దగ్గర ఉన్నాయా లేవా కొచ్చిలోనే తేల్చుకోవాలి. ఆపద సంకేతం పంపే ఈపర్బ్ బ్యాటరీ గడువు, రిజిస్ట్రేషన్ చూడండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554 మీ ఆవిడ ఫోన్లో ఉండాలి.

నలుగురితో వెళ్తే రాత్రి వాచ్ ఎవరిదో రాసి పెట్టుకోవాలి. ఓడల మీద పనివాళ్లకు 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి, అందులో ఒకేసారి 6 గంటలైనా ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. ప్రైవేటు యాట్‌ల మీద దాన్ని అడిగేవాళ్లుండరు, అందుకే మీరే అడగాలి. ఓనర్ చక్రం దగ్గర నాలుగు గంటలు కూర్చుంటే ఆ నాలుగు గంటలూ మీరు నిద్రపోవాలి, ఇంజిన్ రూమ్‌లో ఇంకో పని వెతుక్కోకూడదు. ఓడ పనివాళ్ల హక్కుల కోసం ఉన్న ఎంఎల్‌సీ అనే అంతర్జాతీయ ఒప్పందం సొంత సరదాకు తిరిగే యాట్‌లకు వర్తించదు కాబట్టి, ఏ పోర్టులో దిగినా ఇంటికి టికెట్ ఓనర్‌దేనని కాంట్రాక్టులో ఒక వాక్యం రాయించుకోండి.

స్పేర్ల సంగతి. ట్యాంకు కడిగాక ప్రైమరీ ఫిల్టర్లు డజను, ఇంజిన్ మీద ఉండే సెకండరీ ఆరు చాలు. నీటి పంపు ఇంపెల్లర్లు (లోపల తిరిగే రబ్బరు రెక్కల చక్రాలు) మూడు, వాటి గాస్కెట్లు, ఒక పూర్తి పంపు. బెల్టులు రెండు సెట్లు, ఒక సెట్ ఇప్పటికే తిరిగి సాగినవైతే ఇంకా మేలు. ఇంజెక్టర్లు రెండు, ఇంజెక్టర్ పైపులు, రాగి వాషర్లు. మీది పాత మెకానికల్ పంపు ఇంజిన్ కాబట్టి ఎయిర్ తీయడానికి పైపు నట్టు వదులు చేయొచ్చు. జనరేటర్ కొత్తదైతే, చాలా ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ పంపే కామన్ రైల్ రకం అయితే ఆ పని అస్సలు చేయకండి, ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. స్టార్టర్ మోటార్ ఒకటి, ఆల్టర్నేటర్ ఒకటి, హోస్‌లు అన్ని సైజులవీ రెండేసి క్లిప్పులతో. ఇంజిన్ ఆయిల్ ఒక పూర్తి మార్పుకు సరిపడా. హైడ్రాలిక్ ఆయిల్. ప్రొపెల్లర్‌కు వల చుట్టుకుంటే కోయడానికి మంచి కత్తి, నీళ్లలోకి దిగేందుకు మాస్కు. శ్రీలంక దక్షిణాన వలలు ఎక్కువ, అది మీకు నాకంటే బాగా తెలుసు. ఇంపెల్లర్ మార్చినప్పుడల్లా పాతదాని రెక్కలు లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా ఆ రబ్బరు ముక్క హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాల దగ్గర ఇరుక్కుని ఉంటుంది. అది బయటికి తీశాకే ఇంజిన్ వేయండి.